కోవళం దాకా వెళ్లని బోటు: ఆగస్టు గాలివానకు మూడుసార్లు మారిన ప్లాన్

చెన్నై హార్బర్ నుంచి కోవళానికి సముద్రం మీద 18 నాటికల్ మైళ్ల పైచిలుకు, అంటే దాదాపు 34 కిలోమీటర్లు. తీరం వెంట దక్షిణానికి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద కారులో గంట, మహా అయితే గంటన్నర. మా తెరచాప బోటుకు మూడున్నర గంటలు. బుకింగ్ కోసం ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మనసులో కారు లెక్కే ఉంటుంది. రోడ్డు మీద వాన ముంచుకొస్తే బండి పక్కన ఆపి టీ తాగి బయల్దేరొచ్చు. సముద్రం మీద ఈ 18 మైళ్లలో ఆపుకోవడానికి చోటు లేదు.

మ్యాపు చూసినవాళ్లు "దారిలో కూవం, అడయార్ ఉన్నాయి కదా, లోపలికి దూరలేమా?" అని అడుగుతారు. రెండింటి ముఖద్వారాల దగ్గరా ఇసుక మేటలే. ఈ తీరంలో అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ మోసుకుపోతాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బర్ గోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణం వైపు ఆగిపోయి మెరీనా బీచ్ అంత వెడల్పయింది. నదుల నోళ్లనూ ఇసుక వదిలిపెట్టదు. అడుగున ఒకటిన్నర మీటర్ల కీల్ (నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క) ఉన్న బోటు అక్కడికి వెళ్తే ఇసుకలో కూరుకుంటుంది. కోవళంలో మాత్రం ఏముంది? తెరిచిన సముద్రంలో లంగరు వేసి నిలబడాలి. కాబట్టి ఈ దారిలో మాకున్న ఆశ్రయం ఒకటే, బయల్దేరిన హార్బరే. వాతావరణం బాగోని రోజున ఆ హార్బర్‌కు ఎన్ని గంటల దూరంలో ఉన్నామన్నదే నా లెక్క. మిగతా నిర్ణయాలన్నీ దాని తర్వాతే. ఆ లెక్క ఒక ట్రిప్పును ఎలా మార్చిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇదే తీరంలో బోట్లు నడిపేవాళ్లకూ, బోటెక్కబోయే కుటుంబాలకూ ఉపయోగపడుతుందని ఆశ.

అడిగిన ట్రిప్

చెన్నై ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్‌లో ఉద్యోగం చేసే తెలుగు దంపతుల పదిహేనో పెళ్లిరోజు. వాళ్లిద్దరూ, తొమ్మిదేళ్ల పాప, పదమూడేళ్ల బాబు, గుంటూరు నుంచి రాబోయే భర్తగారి అన్నావదినలు, భార్యగారి తండ్రి, మొత్తం ఏడుగురు. తండ్రిగారిది అవనిగడ్డ, డెబ్బై దాటిన మనిషి. బోటు 32 అడుగులది. డీజిల్ ఇంజిన్‌తో నింపాదిగా ఐదున్నర నాట్లు (గంటకు ఐదున్నర నాటికల్ మైళ్లు) వెళ్తుంది. నేనూ, పులికాట్ నుంచి వచ్చిన కుర్రాడొకడూ సిబ్బంది.

వాళ్లు కోరిన ప్లాన్ ఇది: ఆగస్టు శనివారం ఉదయం 9కి బయల్దేరి, పన్నెండున్నరకు కోవళం చేరి, అక్కడ ఈత, రిసార్టులో భోజనం, సాయంత్రం ఆరున్నరకు సూర్యాస్తమయం వేళకు హార్బర్. కాగితం మీద చక్కటి ప్లానే. జనవరిలోనో ఫిబ్రవరిలోనో అయితే మారు మాట్లాడకుండా ఒప్పుకుందును.

చెన్నైలో ఆగస్టు సంగతి వేరు. నైరుతి రుతుపవనాల వేళ పొద్దున నేల మీద నుంచి పడమటి గాలి వీస్తుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి లోపలికి చొరబడుతుంది. ఆ రెండూ ఒరుసుకున్నచోట, తిరుత్తణి, అరక్కోణం, కాంచీపురం వైపు మబ్బులు నిలువుగా పేరుకుంటాయి. పైనున్న పడమటి గాలి వాటిని మధ్యాహ్నమో, సాయంత్రమో, రాత్రో తీరం వైపు తోస్తుంది. నగరంలో ఉన్నవాళ్లకది హాయినిచ్చే వాన. తీరానికి రెండు మైళ్ల అవతల తెరచాప ఎత్తి ఉన్నవాడికి, పది నాట్ల గాలి పది నిమిషాల్లో ముప్పై అయ్యే వేళ. గాలి వేగం మూడు రెట్లయితే తెరచాప మీద ఒత్తిడి తొమ్మిది రెట్లవుతుంది. వాళ్లు కోరిన ప్లాన్‌లో తిరుగు ప్రయాణం మొత్తం సరిగ్గా ఆ వేళల్లోనే పడింది.

మొదటి మార్పు: శుక్రవారం సాయంత్రం

శుక్రవారం చూసిన సూచనలు రెండు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చిన సముద్ర సూచనలో అలలు ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్లు, అంటే మామూలే. వాతావరణ శాఖ (ఐఎండీ) చెన్నై కేంద్రం సూచనలో మాత్రం తిరువళ్లూరు, చెన్నై, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాల్లో అక్కడక్కడా ఉరుములతో వాన, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు.

ఈ రెంటినీ కలిపి చదవడం రాకపోతే ప్రమాదం. అలల సూచన చూసి "సముద్రం ప్రశాంతం" అనుకుని వెళ్లేవాళ్లను నేనెరుగుదును. ఉరుముల గాలి నేల మీద పుట్టి గంటలో వచ్చి గంటలో పోతుంది. అలల ఎత్తు చెప్పే సూచనలో దాని జాడ ఉండదు.

అతిథులకు ఫోన్ చేశాను. కోవళం ఈసారి వద్దని, ఉదయం 7కే బయల్దేరి నీలాంకరై ఎదురుగా 9 మైళ్ల దూరం దాకా వెళ్లి, కాసేపు లంగరు వేసి, ఒంటిగంటలోపు హార్బర్‌లో ఉందామని చెప్పాను. రిసార్టు భోజనం రద్దు చేసుకోనక్కర్లేదు, వేళ రెండున్నరకు జరుపుకుని కారులో వెళ్లండి అన్నాను. భర్తగారికి, అంటే అవనిగడ్డ పెద్దాయన అల్లుడుగారికి, రుచించలేదు. "అన్నా, డబ్బులు కోవళానికి కట్టాం కదా!" అన్నారు. తేడా సొమ్ము వాపసు ఇస్తానన్నాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఈ మాట మొదటి నిమిషంలోనే చెప్పేయాలని నా గట్టి అభిప్రాయం. డబ్బు సంగతి తేలకపోతే తర్వాత వాతావరణం గురించి ఎంత చెప్పినా అది బేరంలాగే వినిపిస్తుంది.

వెనక్కి తిరిగే వేళ

శనివారం గుంటూరు వాళ్ల రైలు రెండున్నర గంటలు లేటు. జెట్టీ వదిలేసరికి 9:50.

లైఫ్ జాకెట్లు జెట్టీ మీదే తొడిగించి, తలుపులు, టాయిలెట్, లంగరు గొలుసు దగ్గర వేళ్లు పెట్టకూడదన్న సంగతి అన్నీ చెప్పాక, చివర్లో ఇంకొకటి చెప్పాను. "మనం పన్నెండింటికి వెనక్కి తిరుగుతాం. నీలాంకరై చేరినా తిరుగుతాం, చేరకపోయినా తిరుగుతాం. ఈ లోపు నాకేదైనా తేడాగా అనిపిస్తే ఇంకా ముందే తిరుగుతాం." రైలు ఆలస్యమైందని ఈ వేళను వెనక్కి జరపలేదు. బయల్దేరడం ఆలస్యమైతే దూరం తగ్గాలి, తిరుగు వేళ మాత్రం కదలకూడదు. మబ్బులకు మన రైలు సంగతితో పనిలేదు.

అవనిగడ్డ పెద్దాయన ఈ మాట శ్రద్ధగా విని, "పన్నెండు అన్నావు కదా బాబూ, నేను చూస్తుంటాలే" అని చేతి గడియారం సరిచేసుకున్నారు. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆయన పాతికేళ్లవాడట. ఆ రోజుల గురించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరుగు వేళను అతిథుల్లోనే ఒక పెద్దమనిషి చేతిలో పెడితే నాకు సగం పని తేలికవుతుందని మాత్రం ఆ రోజు గట్టిగా తెలిసొచ్చింది. "ఇంకో అరగంట" అన్న మాట వచ్చినప్పుడు జవాబు చెప్పేది బోటు నడిపే స్కిప్పర్ ఒక్కడే అయితే అతను ఆనందం చెడగొట్టేవాడిలా కనిపిస్తాడు.

రెండో మార్పు: తిరువాన్మియూర్ ఎదుట

హార్బర్ బయటికొచ్చాక పడమటి గాలి పది నాట్లు. అడ్డగాలికి బోటు సుఖంగా వంగి సాగింది. ఎదురు ప్రవాహం అర నాటు దాకా ఉన్నా ఐదు నాట్లకు తగ్గలేదు. మెరీనా లైట్‌హౌస్, శాంథోమ్ గోపురం, బీసెంట్ నగర్ అపార్ట్‌మెంట్లు ఒక్కొక్కటే వెనక్కి వెళ్లాయి. పాప చుక్కాని పట్టుకుంది.

11:30 ప్రాంతంలో తిరువాన్మియూర్ ఎదుట గాలి పడిపోయింది. హార్బర్ ముఖద్వారానికి 7 మైళ్లు. తెరచాప వేలాడింది, ఉక్కపోత మొదలైంది. ఆ వేళకు పడమర తగ్గి ఆగ్నేయపు గాలి అందుకుంటే అది మామూలు మార్పే. ఇక్కడ రెండోది అందుకోలేదు. పైన చూస్తే పడమటి నుంచి పలచటి తెల్లటి పొర ఒకటి అంచు తేలి మా మీదికి పరుచుకుంటోంది. కింద ఎండ మాత్రం పెళపెళలాడుతోంది. ఆ పొర మబ్బుల పైభాగం గాలికి ముందుకు చాచుకున్న కొస. మబ్బు మొదలు ఇంకా కనుచూపులో లేదు.

ఫోన్ సిగ్నల్ అందుతోంది కాబట్టి రాడార్ చిత్రం తెరిచాను. అరక్కోణం నుంచి కాంచీపురం దాకా ఎర్రటి ముద్దలు వరసగా ఉన్నాయి, తీరానికి అరవై, డెబ్బై కిలోమీటర్లు. ఇరవై నిమిషాల తేడా ఉన్న రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే అవి 11, 12 కిలోమీటర్లు జరిగాయి. అంటే గంటకు దాదాపు 35. ఆ లెక్కన వాన మా దగ్గరికి రావడానికి రెండు గంటల లోపే. అయితే ముందు వచ్చేది వాన కాదు. మబ్బు లోంచి కిందికి దూకిన చల్లగాలి నేల మీద పరుచుకుంటూ వానకు పది, ఇరవై కిలోమీటర్ల ముందే పరుగెత్తుతుంది. దానికో అరగంట, ముప్పావుగంట తీసేస్తే మిగిలింది గంటా పదిహేను నిమిషాలు. ఐదున్నర నాట్ల మీద 7 మైళ్లకు పట్టేది కూడా గంటా పదిహేనే.

11:45కి ఇంజిన్ వేసి తిప్పాను. అన్నయ్యగారు ఆకాశం వైపు చూపించి, "ఇంత ఎండ కాస్తుంటే వానేంటండీ?" అన్నారు. ఫోన్‌లో రాడార్ చూపించాను. పెద్దాయన గడియారం చూసుకుని, "ఇంకా పావుగంట ఉంది. ముందే తిరిగాడంటే ఏదో చూసే ఉంటాడు, అతన్ని పని చేసుకోనివ్వండి" అన్నారు. అల్లుడుగారు ఇంకేమీ అనలేదు. కేక్ మాత్రం అక్కడే కోశారు, బోటు కదులుతుండగానే. అది నేనే చెప్పాను. ఇంకో గంటలో కోసే వీలుండదు.

కేక్ పంచుతుండగా కుర్రాడూ నేనూ పని మొదలుపెట్టాం. ముందు తెరచాప జిబ్‌ను చుట్టేశాం. పెద్ద తెరచాప మెయిన్ సెయిల్‌ను పూర్తిగా దించి దాని కింది అడ్డకర్ర బూమ్‌కు గట్టిగా కట్టేశాం. గాలే లేనప్పుడు ఇది పది నిమిషాల పని, ముప్పై నాట్లలో ఇద్దరికి సరిపోని పని. లంగరు పిన్ను తీసి, వెంటనే వదిలేలా ముందు భాగంలో సిద్ధం చేశాం. డీజిల్ ఫిల్టర్ గిన్నెలో నీళ్లున్నాయేమో చూశాం. కేబిన్ కిటికీల బోల్టులు బిగించాం. మనుషులు తాగడానికి నీళ్లు, వాంతులకు బకెట్, కవర్లు చేతికందేలా పెట్టాం. పిల్లలకు పొట్ట బరువెక్కకుండా బిస్కెట్లతో సరిపెట్టమన్నాను.

నొచ్చికుప్పం ఎదుట వలలు అడ్డొచ్చాయి. జూన్ మధ్యలో వేట నిషేధం ముగిశాక ఇక్కడ వలలు దండిగా ఉంటాయి. తెల్లటి థర్మకోల్ ముక్కలు, జెండా కర్రలు వరసగా కనబడితే దాటేయాలన్న ఆశ పుడుతుంది. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుంటే ఇక అంతే. తూర్పుగా చుట్టి వచ్చాం. పదిహేను నిమిషాలు పోయాయి.

మూడో మార్పు: హార్బర్ కళ్లెదుటే ఉన్నా

ఒంటిగంటకు హార్బర్ దక్షిణపు గోడ స్పష్టంగా కనిపిస్తోంది. జెట్టీకి ఇంకా అరగంట. పడమటి ఆకాశం నీలం పోయి సిరా రంగుకు తిరిగింది. ఇళ్ల పైన ఒక బూడిద రంగు చుట్ట అడ్డంగా పరుచుకుని వస్తోంది. అప్పుడు నా ముక్కుకు తగిలింది తడిమట్టి వాసన. తీరానికి మైలున్నర దూరంలో, డీజిల్, ఉప్పునీళ్లు తప్ప ఇంకే వాసనా రాని చోట, నగరంలో అప్పుడే తడిసిన నేల వాసన. చెంపకు తగిలిన గాలి ఒక్కసారిగా చల్లబడింది. ఇవి రెండూ కలిసి వచ్చాయంటే నిమిషాలే మిగిలినట్టు.

వీహెచ్ఎఫ్ రేడియోలో హార్బర్ కంట్రోల్‌ను పిలిచాను. ఒక పెద్ద ఓడను టగ్గులు బయటికి తీస్తున్నాయి, ముఖద్వారానికి దూరంగా ఉండమన్నారు. నా ముందు మూడు దారులు. ఇంజిన్ పూర్తిగా తెరిచి ఓడ దాటిన మరుక్షణం దూరిపోవాలని చూడటం. తూర్పుగా లోతుకు పోవడం. లేదా ఇక్కడే ఆగడం.

మొదటి దాన్ని చాలామంది ఎంచుకుంటారు. ఇల్లు కనబడుతుంటే కాళ్లు ఆగవు. కానీ లెక్క వేస్తే గాలి మమ్మల్ని సరిగ్గా ముఖద్వారం దగ్గర అందుకుంటుంది. రెండు పక్కలా రాతి గోడలు, ఎదురుగా పక్కకు తప్పుకోలేని ఓడ, వానలో వంద మీటర్లు కూడా కనిపించని చూపు, గోడలకు కొట్టి వెనక్కి తిరిగొచ్చే అలలు. అక్కడ ఇంజిన్ ఒక్క నిమిషం దగ్గితే నాకు చేయడానికేమీ ఉండదు. తూర్పుకు పోతే లంగరు వేసి ఎదురుచూస్తున్న ఓడల మధ్యకు చేరతాం. తీరం నుంచి గాలి వీస్తున్నప్పుడు దూరం పెరిగే కొద్దీ అలలూ పెరుగుతాయి.

అందుకే ఆగాం. దక్షిణపు గోడకు దూరంగా, మెరీనా ఉత్తరపు కొస ఎదుట, తీరానికి మైలు లోపు, పది మీటర్లకు అటూఇటూ లోతు. గాలి నేల నుంచి సముద్రం మీదికి కాబట్టి మమ్మల్ని ఒడ్డుకు కొట్టే ప్రమాదం లేదు. గాలికి పరుగెత్తడానికి నీళ్లు మైలు కూడా లేవు కాబట్టి పెద్ద అలలు లేవవు. ఇంజిన్ ఆగిపోతే లంగరు వేయడానికి కింద ఇసుక నేల ఉంది. ఆడవాళ్లను, పిల్లలను, పెద్దాయనను కేబిన్‌లోకి పంపి, మాస్ట్ (తెరచాప కట్టే నిలువు కంబం) కింది స్తంభాన్ని, ఇనుప తీగెలు బిగించిన చోట్లను ముట్టుకోవద్దని చెప్పాను. మెరుపులకు అది తప్పదు. లోపల ఉంటే కడుపులో తిప్పుతుందని తెలుసు. వాంతి తర్వాత తేరుకోవచ్చు. అన్నదమ్ములిద్దరూ కాక్‌పిట్‌లోనే, అంటే చుక్కాని దగ్గర బయట కూర్చునే చోటే, ఉంటామన్నారు. తాళ్లతో బోటుకు కట్టాను.

1:12కి కొట్టింది. నీళ్ల మీద నల్లటి గీత ఒకటి ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చింది, దాని వెనక తెల్లటి తుంపర. మాస్ట్ మీది మీటరు 36 నాట్లు చూపింది, అంటే గంటకు 67 కిలోమీటర్లు. తెరచాప ఒక్క అంగుళం కూడా ఎత్తి లేకపోయినా, ముక్కు కాస్త పక్కకు తిరిగినప్పుడల్లా బోటు ఒరిగింది. పని ఒక్కటే: ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఇంజిన్ నెమ్మదిగా తోయడం, జీపీఎస్ తెరమీద మా చోటు చూసుకుంటూ ముందుకూ వెనక్కూ పోకుండా నిలబడటం. వాన అడ్డంగా కొట్టి గోడ, నగరం, లైట్‌హౌస్ అన్నీ మాయమయ్యాయి. దక్షిణం నుంచి పాత ఉబ్బు (దూరపు గాలులకు లేచిన పొడవాటి అలలు) అలాగే వస్తుండటంతో బోటు రెండు వైపులకూ కుదిపింది. లోపల వదినగారికీ, బాబుకూ వాంతులయ్యాయి. కుర్రాడు ప్రతి నిమిషానికీ గట్టిగా మీటరు చదివాడు: "అన్నా, ముప్పై నాలుగు... ముప్పై ఒకటి..." ఆ అంకెలు తగ్గుతుండటం వినిపించడమే కాక్‌పిట్‌లో వాళ్లకు ధైర్యమైంది.

మొదటి పది నిమిషాలే గట్టివి. 1:45కి 15 నాట్లకు దిగింది. ఓడ వెళ్లిపోయింది. కంట్రోల్ అనుమతితో సన్నటి వానలో 2:05కి ముఖద్వారం దాటాం.

తర్వాత

ఈ కేసు చెప్పినప్పుడు తోటి స్కిప్పర్లు చర్చించేది మూడో మార్పు గురించే. హార్బర్ బయట నిలబడ్డ ఆ అరగంటకంటే, నా దృష్టిలో అసలు పని శుక్రవారం సాయంత్రపు ఫోన్‌లోనే జరిగింది. అడిగిన ప్లాన్ ప్రకారం పోయి ఉంటే ఒంటిగంటకు మేం కోవళం ఎదుట లంగరు వేసి ఉండేవాళ్లం, పిల్లలు నీళ్లలో, కొందరు గాలి నింపిన చిన్న పడవలో. నేల నుంచి వీచే 36 నాట్ల గాలికి గాలి పడవ సముద్రంలోకి కొట్టుకుపోతుంది, ఈదేవాడు ఎంత ఈదినా ఒడ్డు దూరమవుతుంది. అవతల హార్బర్ మూడున్నర గంటలు. అక్కడ ఏ నైపుణ్యమూ పెద్దగా అక్కరకు రాదు.

ఆగస్టు, సెప్టెంబర్లలో నేను పాటించే హద్దు అప్పటి నుంచి ఇంకా బిగించాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక హార్బర్‌కు గంట కంటే దూరంలో ఉండను. అరక్కోణం మీద మబ్బు పుట్టినప్పటి నుంచి నాకు దొరికే సమయంలో వలలు, ఓడలు, కేక్, అన్నీ సర్దుకోవాలి కాబట్టి ఆ గంట. కోవళం ట్రిప్పులు ఆ రెండు నెలలూ తీసుకోవడం మానేశాను. బుకింగ్ ఫోన్‌లోనే తిరుగు వేళ చెబుతున్నాను, జెట్టీ మీద ఆ వేళను ఎవరో ఒక పెద్దకు అప్పగిస్తున్నాను.

ఆ రోజు వాళ్లు బట్టలు మార్చుకుని కారులో కోవళం వెళ్లి నాలుగింటికి భోజనం చేశారు. వాంతులైన బాబే అందరికంటే ఎక్కువ తిన్నాడట. కోవళం ట్రిప్ ఫిబ్రవరికి మార్చుకున్నారు. అప్పుడు ఈశాన్యపు గాలి మెత్తగా ఉంటుంది, ఉరుముల బెడద దాదాపు ఉండదు. కాకపోతే తిరుగు ప్రయాణం ఎదురుగాలికి. అందుకే రావడానికి మూడున్నర కాకుండా నాలుగున్నర గంటలు లెక్క వేసి, డీజిల్ ట్యాంకు నిండుగా పెట్టుకుని ఉదయం ఆరింటికే బయల్దేరాలని నిర్ణయించాం. గుంటూరు వాళ్లు ముందురోజే వచ్చి చెన్నైలో పడుకుంటారు.